కాలవకి తోడుపెట్టినవాళ్ళు

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆరిన పొయ్యిలోంచి గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. పక్క గదిలో కూర్చుని కాలవ బురద సీసాలకు చీటీలు అంటిస్తున్న సుభాషిణికి ఆ సంగతి తెలియలేదు. బజారునుంచి కూరగాయల సంచీతో వచ్చిన విశ్వం గుమ్మంలోనే ఆగి, గాలి పీల్చి, సంచీ అక్కడే పారేసి వంటింట్లోకి పరుగెత్తాడు. సిలిండరు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, వచ్చి భార్య ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. వంకాయలు వరండా అంతా దొర్లిపోయాయి.

"అగ్గిపుల్ల గీసుంటే?" అన్నాడు.

"గీయలేదుగా" అంది సుభాషిణి. అంది గానీ, చేతిలో చీటీని సీసాకి తలకిందులుగా అంటించింది.

ఆమెకు వాసన తెలియదు. పుట్టుకతో వచ్చిన లోపం కాదది. తను కనిపెట్టినదే తన ముక్కుని మింగేసింది.

కొమరవరం ఊరి నడుమనుంచి కాలవ పోతుంది. ఊళ్ళో ప్రతి తూమూ ప్రతి గొట్టమూ అందులోకే తెరుచుకుంటాయి. మిల్లుల జిడ్డు, హోటళ్ళ మడ్డి, చేపల మార్కెట్టు కడుగునీళ్ళు అన్నీ అడుగున పేరుకుని తారులాంటి నల్లటి బురదయ్యాయి. వంతెన మీదికి బస్సు రాగానే అందులో కూర్చున్నవాళ్ళ చేతులు ఒక్కసారిగా ముక్కుల దగ్గరికి పోతాయి. ముక్కు పోయాక సుభాషిణి కాలవ కంపుని ఆ చేతుల్ని చూసే కొలుచుకుంటోంది. వానపడ్డ మర్నాడు చేతులు కాస్త ఆలస్యంగా లేస్తాయి. ఎండలు ముదిరితే వంతెనకి ఇంకా ఎంతో దూరముండగానే కొంగులు పైకి వస్తాయి.

డిగ్రీ కాలేజీ వెనకున్న రెండు గదుల ల్యాబులో ఆమె పెంచింది ఒక పొర. జున్నుముక్కని పలచగా కోసినట్టుంటుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లకొద్దీ అల్లుకుని అలా తయారవుతాయి. జిడ్డు బురదని తిని మామూలు మట్టిగా మార్చెయ్యడం వాటి పని. అయితే గాజుపెట్టెలో ముద్దుగా మేపితే వాటికి బద్ధకం అలవాటైంది. బురద ముందు పెడితే మొహం తిప్పేసుకునేవి. మనిషి ఒంటిమీద, చెమటా జిడ్డూ తింటూ పెరిగితేనే ఆకలి నేర్చుకుంటాయని సుభాషిణికి తోచింది. పొరని తన జబ్బకి కట్టుకుంది. ఒకటి తీసి ఇంకొకటి, అది తీసి మరొకటి, అలా రెండేళ్ళు మోసింది.

పొర వదిలే ఆవిరి మెల్లిగా ముక్కులోని నరాలని మొద్దుబారుస్తుందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. పోనీ అంత చేసినా పొర ఆ కాలవ బురదని ముట్టుకుందా అంటే, లేదు.

ఒకనాడు విశ్వం సరదాకి ఒక పొర తన జబ్బకి కట్టుకుని తిరిగాడు. కొద్దిరోజులకి అది తీసి బురద సీసాలో వేస్తే, తెల్లారేసరికి నలుపంతా విరిగి అడుగున గోధుమరంగు మట్టి దిగింది. సుభాషిణి ఆ సీసాని ఎత్తి చూసి, దించి, మళ్ళీ ఎత్తి చూసింది. ఆమెది కడప వైపు. విశ్వం ఈ కాలవ నీళ్ళు తాగి, ఈ కాలవలో ఈతకొట్టి పెరిగినవాడు. ఈ ఊరి మురికి కొంచెం కొంచెంగా అతని ఒంట్లో కలిసిపోయింది. ఆ చెమట రుచి మరిగిన పొరకే ఈ బురద ఆనవాలు తెలుస్తుంది. కాలవని బాగుచేసేది కాలవ పక్కన బతికినవాళ్ళ ఒళ్ళే తప్ప ఇంకేదీ కాదన్నమాట.

"రెండేళ్ళ ముందు కట్టుకున్నా బాగుండేది" అన్నాడు విశ్వం. ఆ మాట తర్వాత చాలా రోజులు ఇద్దరినీ పీకుతూనే ఉంది.

అందుకే మనుషులు కావాల్సొచ్చారు. ఒక మనిషి ఒక్కసారే మోయాలి, అదీ కొద్దిరోజులే. అప్పుడైతే పోయిన వాసన కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. మోసిన పొరలో సగం కాలవలో వెయ్యాలి, సగం ఇంకో మనిషికి అంటించాలి. అలా చేతులు మారుతూ పోతే కాలవ అడుగంతా పట్టుకోవచ్చు.

గడువు కూడా ఉంది. కాలవని సిమెంటు పలకలతో మూసేసి పైన రోడ్డు వెయ్యాలని మునిసిపాలిటీవాళ్ళు తీర్మానించారు. సుభాషిణి చెప్పులరిగేలా తిరిగితే ఛైర్మన్ ఒక్క మాట ఇచ్చాడు: "వేసవిలో ఎలాగూ కాలవకి నీళ్ళు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేనాటికి వంతెన దగ్గర కంపు పోతే పలకల సంగతి మర్చిపోతాం. పోకపోతే మమ్మల్ని మీరు మర్చిపోవాలి." బురదలో పొర వేళ్ళూనుకోకముందే నీళ్ళొస్తే అంతా సముద్రంలోకి కొట్టుకుపోతుంది. మూసేసిన కాలవని మళ్ళీ తెరిచినవాళ్ళు ఎక్కడా లేరు.

కాలవగట్టు మీద కల్యాణమండపంలో మీటింగు పెట్టారు. ల్యాబులో ఆమె సహాయకుడు ఇర్ఫాన్ తెరమీద బొమ్మలు వేశాడు. జనం శ్రద్ధగా చూశారు, మిక్చరు తిన్నారు, టీ తాగారు. చెప్పులు వెతుక్కోవడం కూడా మొదలైంది. అప్పుడు మంగతాయారు లేచింది. ఆమె సుభాషిణివాళ్ళ పక్కింటావిడ. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పిండివంటలు చేసి అమ్ముతుంది.

"ఇంతసేపూ చెప్పావు గానమ్మా, నాకొక్క ముక్క ఎక్కలేదు. మాకు తెలిసేటట్టు చెప్పు మరి."

సుభాషిణి తెర ఆర్పేయమంది. "పెరుగుకి తోడు పెడతాం కదండీ? మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకుంటారు. మీ దగ్గరున్నప్పుడు మీరు ఇస్తారు. ఇది కూడా తోడే అనుకోండి. పాలకి బదులు కాలవకి పెడుతున్నాం. మీ ఒంటిమీద పెరిగిన తోడు సగం కాలవకి, సగం పక్కవాళ్ళకి."

హాలు ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. చెప్పులు వేసుకున్నవాళ్ళు విప్పేశారు.

"ఒక కష్టం ఉంది" అంది సుభాషిణి. దాచకుండా చెప్పేసింది, వాసన సంగతీ, తన సంగతీ, వంటింట్లో గ్యాసు సంగతీ. ఇర్ఫాన్ తల దించేసుకున్నాడు.

మంగతాయారు మాత్రం నవ్వింది. "నా పాకం నేను ముక్కుతోనే చూసుకుంటానమ్మా. తీగపాకమో ముదురుపాకమో వాసనే చెప్తుంది నాకు. కానీ ఈ కంపులో నా అరిసెల నేతి వాసన ఎవడికి తెలిసింది? కొనడానికొచ్చినోళ్ళు గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంటన్నారు. ఉన్న ముక్కుతో నేను బావుకుంటన్నదేటి? కట్టు."

జబ్బ చాపింది. ఆమె వెనకే అవతలిగట్టు ఆటో గంగరాజు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ తర్వాత ఇంకొందరు.

మొదటి వరస పొరలు బ్రహ్మాండంగా పనిచేశాయి. కాలవ కట్టేశాక అడుగున మిగిలిన బురదలో వాటిని నాటిన చోటల్లా, చుట్టూ చాపంత మేర నలుపు విరిగి గోధుమరంగు తేలింది. పిల్లలు గట్టు మీద నిలబడి ఆ మచ్చల్ని లెక్కపెట్టుకునేవాళ్ళు. ఇక రెండో వరస మొదలవ్వాలి, అంటే ఒకరినుంచి ఒకరికి.

పగలు పొర చర్మాన్ని వదలదు. చీకటిపడ్డాక వదులవుతుంది. అప్పుడు తీసి, గంటలోపల ఇంకొకరి ఒంటికి అంటించాలి. అదే అందరికీ చెప్పారు, అందరూ బుద్ధిగా తలూపారు.

రెండో వరస పొరలన్నీ చచ్చిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. ఎండిన మీగడలా తెల్లగా, పెళుసుగా ఊడివచ్చాయి.

ఇర్ఫాన్ వేడి అన్నాడు, సబ్బు అన్నాడు, పౌడరు అన్నాడు, బీపీ మాత్రలన్నాడు. అన్నీ పరీక్షించారు. ఏదీ కాదు. సుభాషిణి ఇంటింటికీ తిరిగి అడిగింది.

"చీకటిపడ్డాకే తీశారా?"

"ఆయ్, తీశామండీ."

"పక్కవాళ్ళకి ఇచ్చారా?"

"ఇచ్చామండీ, మీరు చెప్పినట్టే."

ఎవరూ అబద్ధం చెప్పడం లేదని మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అదే ఆమెకి మరింత దిగులు పుట్టించింది. అటుచూస్తే ఎగువన మబ్బులు పడుతున్నాయనీ, కాలవకి ముందుగానే నీళ్ళు వదిలేస్తారనీ కబురు. ఇక కొత్తవాళ్ళు చేరడం మానేశారు. పనిచెయ్యని దానికోసం ముక్కు పోగొట్టుకోవడమెందుకు?

అలాంటి ఒక మధ్యాహ్నం మంగతాయారు ఇంట్లోంచి నల్లటి పొగ వచ్చింది. సుభాషిణి పరుగెత్తి వెళ్ళేసరికి బూరెల మూకుడు మాడిపోయి ఉంది, పెళ్ళివారి పాకం బొగ్గయిపోయి ఉంది. మంగతాయారు పీట మీద కూర్చుని దానివంకే చూస్తోంది.

"పక్కనే ఉన్నానమ్మా. తెలీలేదు" అంది. హాల్లో నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేదు. "మళ్ళీ వస్తుందంటావా?"

"వస్తుంది. మీకు తప్పకుండా వస్తుంది."

"మరి నీకో?"

సుభాషిణి మూకుడు తీసి కుళాయి కింద పెట్టింది. ఆ మాడుని తోముతుంటే ఏడుపొచ్చింది. తనది పోయిందంటే సరే, ఈవిడ ముక్కు కూడా తీసుకుని, చేతిలో చచ్చిన పొర పెట్టింది. ఇలాంటి పని పగవాళ్ళు కూడా చెయ్యరు అనిపించింది.

నాలుగు రోజులు పోయాక ఒక సాయంత్రం విశ్వం వంటింట్లోంచి కేకేశాడు. "సుభా, పెరుగంతా మధ్యాహ్నమే ఊడ్చేశాం. తోడుకి చుక్క లేదు."

సుభాషిణి గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. తులసికోట దగ్గర దీపం వెలుగుతోంది. మంగతాయారు గిన్నెవంక చూసి నొచ్చుకుంది.

"అయ్యో, ఇప్పుడే దీపం పెట్టేశాను గదమ్మా! పొద్దున్నే పంపిస్తాలే. ఆకలేస్తే చెప్పు, లోపలికొచ్చి కూర్చో, కమ్మగా పెరుగన్నం కలిపి పెడతాను."

"ఫరవాలేదండీ, పొద్దున్నే చూద్దాం" అని సుభాషిణి వెనక్కి తిరిగింది. ఆమెకి అదేమీ వింతగా తోచలేదు. కడపలో వాళ్ళమ్మ కూడా అంతే. దీపాలవేళ దాటాక ఉప్పు, పాలు, పెరుగు గడప దాటనిచ్చేది కాదు. ఇస్తే ఇంట్లో లక్ష్మి వాటి వెంట వెళ్ళిపోతుందట. చిన్నప్పుడు తనే ఎంతమందికో "రేపు రండి పిన్నీ" అని చెప్పి పంపింది.

గేటు మీద చెయ్యి వేసి, అలాగే ఆగిపోయింది.

"మంగతాయారు గారూ! మొన్న పొర తీసింది చీకటిపడ్డాకే కదా. మరి పక్కవాళ్ళకి ఎప్పుడిచ్చారు?"

"పొద్దున్నే."

"పొద్దున్నా?"

"మరెప్పుడిస్తారు? తోడే అన్నావు గదా నువ్వు! దీపాలు పెట్టాక తోడు ఎవరైనా ఇస్తారా? రాత్రంతా కొత్త గిన్నెలో పెట్టి, పైన తడిగుడ్డ కట్టి, పొద్దున్నే తలంటుకుని మరీ ఇచ్చాను. గంగరాజు పెళ్ళామూ అంతే చేసింది. అందరం అంతే."

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదేమండీ?"

"తీశారా అన్నావు, ఇచ్చారా అన్నావు. ఎప్పుడిచ్చారని అడిగితే గదా!" ఆవిడ కాస్త తగ్గింది. "అయినా ఇలాంటివి చెప్తే మీరు నవ్వుతారేమోనని కూడా అనుకో."

సుభాషిణికి ముందు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియక ఆ మంట తనమీదికే తిరిగింది. బొమ్మలు చూపించి ఊరుకుని ఉంటే ఎవరూ చేరేవాళ్ళు కాదు, ఏ పొరా చచ్చేది కాదు. తోడు అన్న ఒక్క పోలికతో ఊరినంతా చేర్చుకుంది. ఆ పోలిక వెంట వాళ్ళ ఇళ్ళలో తోడుకున్న మర్యాదలన్నీ వచ్చాయి. గేటు పట్టుకుని పడీపడీ నవ్వింది. మంగతాయారు భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

మర్నాడు ల్యాబులో ఇర్ఫాన్ ఎగిరి గంతేశాడు. "చాలా తేలిక మేడం! ఇది తోడు కాదు, ఆ నమ్మకం దీనికి వర్తించదు అని కరపత్రం వేసి పంచేద్దాం."

"మీ ఇంట్లో ఇస్తారా, దీపాలవేళ దాటాక?"

ఇర్ఫాన్ గంతు అక్కడే ఆగింది. "...ఇవ్వరు మేడం. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు."

"మీ అమ్మగారు కరపత్రం చదివి మారతారా?"

"కరపత్రాన్ని పొయ్యిలోకి వాడతారు."

సుభాషిణి మనసంతా నిన్న సాయంత్రం మంగతాయారు అన్న రెండోమాట చుట్టూ తిరుగుతోంది. లోపలికొచ్చి కూర్చో, తిని వెళ్ళు. పెరుగు గడప దాటకూడదు గానీ, గడప లోపల ఎవరు తిన్నా అభ్యంతరం లేదు. ఆమె నేరుగా పక్కింటికి వెళ్ళింది.

"తీసుకునేవాళ్ళు దీపాలు పెట్టకముందే మీ ఇంటికొచ్చి, అక్కడే కట్టించుకుని, ఆ రాత్రికి మీ ఇంట్లోనే పడుకుని, తెల్లారాక వెళ్తే?"

మంగతాయారు పిండి కలిపే చెయ్యి ఆపి ఆలోచించింది. ఊరి కాలవ మొత్తం ఆ పిండిచేతి దగ్గర ఆగి ఉంది.

"భోంచేసి పడుకుంటే ఇంటిమనిషే గదా" అంది ఆవిడ చివరికి. "ఇంటిమనిషికి ఇస్తే ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికీ పోలేదు."

ల్యాబులో మిగిలిన కొద్ది పొరల్నీ ఇంకా మొయ్యనివాళ్ళకి కట్టారు. అవి తీసే సాయంత్రంనుంచి కొమరవరం వంతెన మీద ఒక కొత్త వింత మొదలైంది. చాపా తలగడా చంకన పెట్టుకుని ఇటుగట్టువాళ్ళు అటూ అటుగట్టువాళ్ళు ఇటూ దాటడం. ఈ రెండు గట్లవాళ్ళకీ చెత్త ఎవరు వేస్తున్నారన్న దగ్గర ఏనాటినుంచో పేచీ. ఇప్పుడు ఒకరింట్లో ఒకరు భోంచేసి, జబ్బలు చాపుకుని, పొర కట్టించుకుని పడుకోవాల్సొచ్చింది. గంగరాజు గురకకి ఇవతలిగట్టు మాస్టారు నిద్రమానుకుని, పొద్దున్నే కళ్ళు ఎర్రగా చేసుకుని, "పొర బతికింది, నేనే పోయాను" అని వీధంతా చెప్పాడు.

పొరలు బతికాయి. మీటింగుకి రమ్మంటే తప్పించుకు తిరిగిన మనుషులు, భోజనానికొచ్చి పడుకోమంటే కాదనలేకపోయారు. వచ్చినవాళ్ళు తర్వాత తమ ఇంటికి ఇంకొకరిని పిలవాల్సొచ్చింది. పిలిచిన ఇంటావిడ కిటికీ కాలవలోకే తెరుచుకుంటుందని రాత్రంతా అక్కడ పడుకున్నవాడికి తెలిసింది. ఆ తర్వాత ఆ కిటికీ కిందికి చెత్తబుట్ట విసరడానికి అతనికి చెయ్యి రాలేదు. ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే చెత్త సగానికి పడిపోయింది.

ఊరు ఊరంతా ముక్కు పోగొట్టుకున్న వేసవి అది. కూరలు మాడాయి, పాలు విరిగినా తెలియక కాఫీ కలుపుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుభాషిణి మొదటి మీటింగులో చెప్పిన గ్యాసు సంగతి మాత్రం ఎవరూ మర్చిపోలేదు. ముక్కున్నవాళ్ళు వంతులు వేసుకుని వంటవేళకి ఇల్లిల్లూ తిరిగారు, గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చి "ఆ, బాగానే ఉందండీ" అని కేకేసి పోయేవాళ్ళు. సుభాషిణి వంటింటికి కూడా రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. విశ్వం బయటికి వెళ్ళేముందు వెనక్కి తిరిగి తిరిగి చూడ్డం మానేశాడు.

నీళ్ళు అనుకున్నదానికంటే ముందే వదిలారు. అప్పటికి వంతెనకి ఇటూ అటూ అడుగంతా గోధుమరంగు తిరిగింది. అది చాలుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఛైర్మన్ వచ్చాడు, ఇంజనీర్లు వచ్చారు, రెండు గట్లవాళ్ళూ వచ్చారు. ఎగువనుంచి నీళ్ళు మెల్లగా నురగ తోసుకుంటూ వచ్చి, ఆ మట్టిని తడిపి, వంతెన కిందికి చేరాయి. పలకలు పడతాయో పడవో ఇంకొద్దిసేపట్లో తేలిపోతుంది. సుభాషిణి నీళ్ళవంక చూడలేదు. జనం చేతులవంక చూస్తోంది.

రాజమండ్రి వెళ్ళే బస్సు వంతెన ఎక్కింది. కిటికీల పక్కన చేతులు కిటికీల మీదే ఉండిపోయాయి. ఒకామె ఒళ్ళో పిల్లకి జడ వేస్తూ వేస్తూ వెళ్ళిపోయింది.

ఇటు మంగతాయారు కంగారు పడుతోంది. పొర తీసి చాలా రోజులై, ఆవిడకి వాసన తిరిగొచ్చింది. మొన్ననే పాకం పట్టి ఊరంతా పంచింది కూడా. ఇప్పుడు వంతెన గోడమీదికి వంగి, పీల్చి, మళ్ళీ పీల్చి, మొహం వేలాడేసింది.

"నా ముక్కు మళ్ళీ పోయిందమ్మా. ఏమీ తెలీట్లేదు."

"నాకూ తెలీట్లేదండీ" అన్నాడు గంగరాజు బిక్కమొహంతో. "మొన్నటిదాకా బాగానే ఉంది."

మంగతాయారు చేతిలో అరిసెల డబ్బా ఉంది. విశ్వం దాని మూత తీసి ఆవిడ మొహం దగ్గర పెట్టాడు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"నెయ్యి!" అంది. "నెయ్యీ, నువ్వులూ, బెల్లం కాస్త ముదిరింది." డబ్బా పక్కకి నెట్టి మళ్ళీ కాలవ మీదికి వంగింది. ఈసారి చాలాసేపు కళ్ళు మూసుకుని పీల్చింది. లేచేసరికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎలా ఉందండీ? చెప్పరూ" అంది సుభాషిణి.

"ఏ వాసనా లేదమ్మా" అంది మంగతాయారు. "ఉత్త నీళ్ళు."

సుభాషిణి కూడా గోడమీదికి వంగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత గుండెలనిండా గాలి పీల్చుకుంది.

"అవునండీ" అంది. "నాకూ అంతే తెలుస్తోంది."